జోలపాట చెరిపిన చెయ్యి

టీచరుగారి ఆఫీసుకు వచ్చేవాళ్లు సాధారణంగా ముందు కుర్చీలో కూర్చుని తర్వాత ఏడుస్తారు. ఆ అమ్మాయి మాత్రం ఏడుస్తూనే మెట్లెక్కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా చేతిసంచిలోంచి ఒక పాత క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద వెలిసిపోయిన నీలం సిరాతో "పాపకి జోల" అని రాసి ఉంది.

"దీన్ని చంపేశారు మేడం" అంది.

పక్క బల్ల దగ్గరున్న శిష్యురాలికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. టీచరుగారు మాత్రం నవ్వలేదు. టీచరుగారు చాలాకాలం బళ్లో లెక్కలు చెప్పి, అది మానేసి ప్రైవేట్ డిటెక్టివ్ అయిన మనిషి. ఒకప్పుడు ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లే ఇప్పుడీ శిష్యురాలు. మంచి బ్యాంకు ఉద్యోగం వదిలేసి ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరినందుకు ఇంట్లోవాళ్లు ఇప్పటికీ తలబాదుకుంటూనే ఉన్నారు. టీచరుగారు తనని మెచ్చుకుంటే ఆమెకి ఆ పూట అన్నం అక్కర్లేదు. ఇంకెవరినైనా మెచ్చుకుంటే ఆ పూట అన్నం సయించదు.

"మంచినీళ్లు తాగి మొదట్నుంచీ చెప్పండి" అన్నారు టీచరుగారు.

ఆ అమ్మాయి ఎడమచేత్తో గ్లాసు అందుకోబోయింది. మోచెయ్యి పూర్తిగా చాపలేక, కుర్చీ ముందుకు జరుపుకుని అందుకుంది. శిష్యురాలి చూపు ఆ చేతి మీద పడటం గమనించి, "మూడేళ్లప్పుడు మూడు చక్రాల సైకిల్ మీంచి పడ్డాను. ఎముక సరిగ్గా అతుక్కోలేదు" అంది అలవాటైన మాటలా. తర్వాత అసలు సంగతి చెప్పింది.

ఆమెను కన్నతల్లి, ఆమెకు ఏడాది నిండకుండానే పోయింది. తర్వాత ఏడాదికి తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ రెండో ఆవిడే ఈమెను పెంచింది. ఈమధ్య తండ్రి కూడా పోయాక, అటక మీది ఆయన పెట్టె దించితే అందులో ఒక పాత టేప్ రికార్డరు, నాలుగైదు క్యాసెట్లు దొరికాయి. పాత టేపులు బాగుచేసే ఒకాయన దాన్ని మళ్లీ పలికించాడు. "పాపకి జోల" క్యాసెట్లో ఎవరో ఆడమనిషి జోలపాట పాడుతోంది.

"మా పిన్ని విన్నది. అంటే కన్నతల్లికి సొంత చెల్లెలు. వింటూనే బావురుమంది. 'అక్క గొంతేనే ఇది!' అంది. మా అమ్మ గొంతు నేనెప్పుడూ వినలేదు మేడం. ఫొటోలో తప్ప ఆమె నాకు తెలీదు. ఆ రోజు నుంచి వంట చేస్తున్నా అదే, బట్టలు మడతపెడుతున్నా అదే."

"తర్వాత?"

"మొన్న పెడితే మొదట్లో ఎప్పుడూ ఉండే గరగర మాత్రం కాస్త వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఒట్టి గాలి."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేను, మా ఆయన, నన్ను పెంచినావిడ. పాట పోయే ముందు రెండు రోజులూ పిన్ని కూడా మా ఇంట్లోనే ఉంది."

టీచరుగారు కళ్లజోడు తీశారు. "'పెంచినావిడ' అంటున్నారు. ఇదివరకు ఏమని పిలిచేవారు?"

ఆ అమ్మాయి తలొంచుకుంది. "అమ్మా అని. ఈ పాట దొరికాక ఆ మాట నోటికి రావడం లేదు."

గ్లాసు బల్ల మీద పెట్టి మిగతాది చెప్పింది. "ఆవిడే కుళ్లుకుని చెరిపేసిందని మా ఆయన కుండబద్దలు కొట్టినట్టు అనేశాడు. పిన్ని కూడా అదే మాట. ఆదివారం నాడు ఆవిణ్ణి వాళ్ల తమ్ముడింటికి పంపించెయ్యాలని తీర్మానించారు. ఆవిడ కాదు అని నేను గట్టిగా అనలేకపోతున్నాను. నాక్కూడా అనుమానంగానే ఉంది. ఒకవేళ ఆవిడే అయితే నాకు తల్లి ఉండదు. ఆవిడ కాకపోతే, అలా అనుకున్నందుకు నా మొహం ఆవిడకెలా చూపించను? ఏదో ఒకటి తేల్చి చెప్పండి."

ఆమె వెళ్లాక శిష్యురాలు, "ఇందులో తేల్చడానికేముంది టీచర్? సవతిపోరు. చచ్చిపోయిన సవతితో" అంది.

"నీకు అంత సులువుగా తోచిందంటే ఇంకెవరికో కూడా సులువుగా తోచాలనే చేశారేమో" అన్నారు టీచరుగారు గొడుగు అందుకుంటూ.

*

ఇల్లు చిన్నదైనా పొందిగ్గా ఉంది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద టేప్ రికార్డరు. ఒకే స్పీకరున్న పాత నల్లపెట్టె. మీటలన్నీ వరసగా పలకపళ్లలా ఉన్నాయి. టీచరుగారు దాన్ని చేత్తో పట్టుకోకుండా నాలుగువైపులా వంగి వంగి చూశారు.

"పక్కన ఈ రంధ్రాలు చూడు" అన్నారు శిష్యురాలితో.

చెవిలో పెట్టుకునేదాని తీగకి ఒకటి, బయటి మైకుకి ఒకటి, కరెంటు తీగకి ఇంకొకటి. మిగతావాటి అంచుల్లో ఏళ్లనాటి దుమ్ము పేరుకుని ఉంది. మైకు రంధ్రం మాత్రం శుభ్రంగా మెరుస్తోంది.

తర్వాత ఆవిడ క్యాసెట్ వెనక అంచు మీద బొటనవేలు రాసి, అదే పని చెయ్యమని శిష్యురాలికి ఇచ్చారు. అక్కడ రెండు చివర్లా రెండు చదరపు గుంటలున్నాయి. ఒక గుంట చుట్టూ వేలికి జిగురు తగిలింది.

"ఏంటి టీచర్ ఇది?"

"నాకూ తెలీదు. తెలిసినవాళ్లని అడుగుదాం. ముందు మనుషుల్ని చూద్దాం."

మొదట అల్లుడు వచ్చి కూర్చున్నాడు. మంచి చొక్కా, ముక్కు మీద కోపం.

"మీకు ఆ పాటంటే ఇష్టమేనా?"

"పాటంటే ఇష్టమేనండీ. రోజూ అన్నంలో, చారులో, నిద్రలో అదే పాటంటే ఎవరికిష్టం? మా పెళ్లై అయిదేళ్లయింది. నేను మాట్లాడుతుంటే ఒక్కసారైనా కళ్లు మూసుకుని విందా? ఆ పెట్టె ముందు మాత్రం ధ్యానంలో కూర్చున్నట్టు కూర్చుంటుంది."

"అయితే మీకూ కడుపుమంటే."

అతను చొక్కా కాలరు సర్దుకున్నాడు. "మంటే అనుకోండి. అంతమాత్రాన చెరుపుతానా? నాకు ఆ మీటల్లో ఏది దేనికో కూడా తెలీదు."

తర్వాత పెంచిన తల్లి వచ్చింది. నెరిసిన జుట్టు, ఉతికి ఆరేసిన దుప్పటిలాంటి మొహం. కూర్చోవడానికి ముందే అంది: "ఇంకెవర్నీ అడగొద్దమ్మా. నేనే చెరిపాను."

శిష్యురాలు గెలిచినట్టు టీచరుగారి వైపు చూసింది.

"ఎందుకు చెరిపారు?"

"అసూయ. ఆ పాట వింటున్నప్పుడు దాని మొహం చూశారా మీరు? నా మొహం చూసి అది ఎప్పుడూ అలా అవలేదు. నేనూ మనిషినే."

"ఎలా చెరిపారు?"

"ఎలా అంటే... క్యాసెట్ పెట్టి, ఎర్ర మీట నొక్కాను. అంతే."

"నొక్కగానే దిగిందా?"

"దిగింది" అంది ఆవిడ. కానీ చూపు నేల మీద పెట్టి అంది.

టీచరుగారు క్యాసెట్ రికార్డరులో పెట్టి, ఆవిడ కళ్లముందే ఎర్ర మీట నొక్కారు. అది సగం దిగి రాయిలా ఆగిపోయింది. రెండోసారి నొక్కినా దిగలేదు. పెంచిన తల్లి మొహం ఎర్రబడింది. "ఆ రోజు దిగింది" అని గొణిగి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివర్లో పిన్ని. చురుకైన మనిషి, మాటా అంతే చురుకు. "ఇందులో అడగడానికేముంది మేడం? మా అక్క పోయిన మర్నాటి నుంచీ నేనీ ఇంట్లో చూస్తూనే ఉన్నాను. అక్క చీరల్లేవు, అక్క గిన్నెల్లేవు, గోడ మీద ఫొటో కూడా లోపలిగదిలోకి పోయింది. మిగిలిందల్లా ఆ గొంతు. దాన్నీ మింగేశారు."

"ఆవిడ మీకెప్పుడైనా అన్యాయం చేసిందా?"

"చెయ్యలేదు. అదే కదా నా ఏడుపు!" అని, అన్నాక నాలుక కరుచుకుంది. "అంటే, మంచితనంతోనే అందర్నీ తనవైపు తిప్పేసుకుందని. పిల్ల ఆవిణ్ణి అమ్మా అని పిలిచినప్పుడల్లా మా అక్క మళ్లీ చచ్చిపోయినట్టుండేది నాకు."

కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. కూతురు కాఫీలు తెచ్చి, పిన్నిని వెనకేసుకొచ్చింది. "పిన్నికి ప్రాణం మేడం అక్కంటే. అక్క పోయాక చదువు మానేసి, పెళ్లయ్యేదాకా ఒక క్యాసెట్ల కొట్లో పనిచేసింది. ఊరికే ఉంటే అక్కే గుర్తొస్తుందట."

"ఈ క్యాసెట్ గురించి ఈమధ్య ఇంట్లో ఏమైనా మాట వచ్చిందా?"

"ఆ రిపేరాయన వచ్చాడు. అందరం ఇక్కడే ఉన్నాం. 'పాట వెనకాల ఏవో మాటలు లీలగా వినిపిస్తున్నాయి, నాకిస్తే కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేస్తాను, ఊపిరి కూడా వినిపిస్తుంది' అన్నాడు. ఇస్తానన్నాను. ఇచ్చేలోపే ఇలా అయింది."

*

రిపేరాయన్ని ఆ పేటలో అందరూ టేపుల డాక్టరు అంటారు. ఆయన కొట్టు సన్నటి సందు చివర ఉంది. గోడల నిండా విప్పిన రికార్డర్లు, బల్ల మీద పళ్లచక్రాలు, రబ్బరు బెల్టులు, స్పిరిట్ వాసన. ఆయన క్యాసెట్ తిప్పిచూసి, గుంటలు చూపించాడు.

"ఇక్కడ రెండు చిన్న రెక్కలుంటాయండీ. అవి విరగ్గొట్టేస్తే దాని మీద ఇంకేదీ రికార్డవదు. ఎర్ర మీట దిగదు. వీళ్ల నాన్నగారు విరగ్గొట్టి దాచుకున్నారు. ఎవరో గుంట మీద జిగురుకాగితం అంటించి మీటని మోసం చేశారు."

"మైకు రంధ్రం?"

"దాన్లో ఒట్టి పిన్ను గుచ్చితే లోపలి మైకు చెవిటిదైపోతుంది. అలా చేసి రికార్డు చేస్తే గదిలోని చప్పుడేదీ ఎక్కదు. ఉన్నది పోతుంది, కొత్తది రాదు."

"భలే!" అన్నారు టీచరుగారు. "ఎంత వివరంగా చెప్పారు! మీలాంటివాళ్లు నా పక్కనుంటే..."

శిష్యురాలి గుండెల్లో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. టీచరుగారి చెవిలో, "రెక్కలు తెలుసు, పిన్ను తెలుసు. ఈయనే చెరిపి ఉంటాడు" అంది.

టేపుల డాక్టరుకి చెవులు పదును. కోపం తెచ్చుకోకుండా బల్ల కింది నుంచి ఇస్త్రీపెట్టెలాంటి ఒక పరికరం తీశాడు. "నేను చెరిపితే దీంతో చెరుపుతానమ్మా. ఇది అయస్కాంతం. ఒకసారి పైన తిప్పితే రెండువైపులా ఊడ్చుకుపోతుంది. దీన్లో రెండో వైపు చూశారా?" అని తిప్పి వేశాడు. ఎవరో ఆఫీసు యూనియన్ మీటింగులో జీతాల గురించి గట్టిగా అరుస్తున్నారు. ఆ వైపు చెక్కుచెదరలేదు.

శిష్యురాలికి సిగ్గేసింది. టీచరుగారు మాత్రం పాట వైపు మళ్లీ పెట్టించి, పెద్ద యంత్రానికి తగిలించిన హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకున్నారు. ముందు తెల్లటి ప్లాస్టిక్ ముక్క జరిగింది. దాని మీద ఏ చప్పుడూ ఎక్కదని డాక్టరు చెప్పాడు. దాని తర్వాత గోధుమరంగు టేపు మొదలైంది. టీచరుగారి మొహంలో కదలిక ఆగిపోయింది. ఆ కాస్త ముక్కనే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి విని, హెడ్‌ఫోన్లు శిష్యురాలికిచ్చారు.

చిన్న స్పీకరులో ఒట్టి గరగరలా వినిపించినది ఇక్కడ వేరేగా ఉంది. ఎవరో మైకు మీద చెయ్యి పెట్టి రుద్దుతున్నట్టున్న చప్పుడు. దాని వెనక ఒక చిన్నపిల్ల, "నేనే నొక్కా!" అంది సంబరంగా. ఒక ఆడగొంతు మెత్తగా, "కట్టు చెయ్యి తియ్యి, బంగారం" అంది. ఆ తర్వాత టక్కుమని అంతా పోయింది.

"ఎవరో పక్కింటి పిల్ల అయ్యుంటుంది" అంది శిష్యురాలు.

టీచరుగారు డాక్టరు దగ్గర కొత్త క్యాసెట్లు మూడు కొన్నారు. సందులోంచి నడుస్తూ ఉన్నట్టుండి అడిగారు. "ఇందాక ఆయన మీద నీకెందుకంత కోపమొచ్చింది?"

శిష్యురాలు బుకాయించబోయి మానేసింది. "మీరు మెచ్చుకున్నారు కదా, అందుకు."

"అయినా నువ్వు అదృష్టవంతురాలివి. ఎదురుగా ఉన్న మనిషి మీద అసూయపడ్డావు. పోట్లాడొచ్చు, రాజీపడొచ్చు. ఈ కేసులో ఇద్దరు ఆడవాళ్లు, లోకంలోనే లేని మనిషిని మధ్యలో పెట్టుకుని ఏళ్లకేళ్లు కుమిలిపోయారు" అన్నారు టీచరుగారు.

*

శనివారం మధ్యాహ్నం అందరూ ఆ ముందుగదిలో చేరారు. టేపుల డాక్టరు గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. గోడవార పెంచిన తల్లి సంచి ఒకటి సర్ది ఉంది. రేపటి ప్రయాణానికి ఆవిడే సర్దుకుంది.

"ముందు చిన్న పని" అన్నారు టీచరుగారు. "మీ ముగ్గురి గొంతులూ నాకు కావాలి. కొత్త క్యాసెట్లివి. 'ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను' అని తలా ఒకదాన్లో చెప్పండి."

అల్లుడు క్యాసెట్ దూర్చి, కూతురు చూపించిన మీటలు నొక్కి, వెంటనే దండోరా వేసినట్టు చెప్పేశాడు. వెనక్కి తిప్పి వింటే "...ట్లోనే ఉన్నాను" అని మాత్రమే వచ్చింది. మిగతాది తెల్లముక్క మింగేసింది. పెంచిన తల్లి మొదట క్యాసెట్టే తిరగేసి పెట్టింది, కూతురు సరిచేసి ఇచ్చింది. ఆవిడ మాటల్లో ఒక్కటీ ఎక్కలేదు, అంత తొందరగా, అంత చిన్నగా చెప్పింది.

పిన్ని వంతు వచ్చింది. బల్ల మీది పెన్సిల్ తీసి, క్యాసెట్ చక్రంలో గుచ్చి, చకచకా తిప్పింది. తెల్లముక్క దాటి గోధుమరంగు టేపు బయటికొచ్చాక ఇంకో చుట్టు తిప్పి, బొటనవేలితో నొక్కి బిగువు చూసి పెట్టింది. ఆమె వాక్యం మొదటి అక్షరం నుంచి చివరిదాకా శుభ్రంగా వినిపించింది.

"ఎంత చక్కగా చేశారు!" అన్నారు టీచరుగారు.

"క్యాసెట్ల కొట్లో మొదట నేర్పించేది అదేనండీ" అంది పిన్ని కాస్త గర్వంగా. "జనం పాటలు చెప్పి రికార్డు చేయించుకునేవాళ్లు కదా. మొదటి పల్లవి తెగిపోతే డబ్బులిస్తారా? అందుకే తెల్లముక్క దాటించి..."

ఆగిపోయింది. చేతిలో ఇంకా ఉన్న పెన్సిల్ వైపు చూసుకుంది.

"నేను మిగతాది చెబుతాను" అన్నారు టీచరుగారు. "చెరిపినవాళ్లకి రెక్కల సంగతి తెలుసు, మైకు పిన్ను సంగతి తెలుసు. ఎర్ర మీట నొక్కగానే దిగిందని చెప్పిన ఈ పెద్దావిడకి ఆ రెండూ తెలియవు. ఆవిడ ఒప్పుకోలు అబద్ధం. అల్లుడుగారికి మీటలే తెలీవు. అన్నీ తెలిసిన డాక్టరుగారైతే రెండువైపులా పోయేవి. ఇక మిగిలింది, క్యాసెట్ల కొట్లో చేసినవాళ్లు. మాబోటివాళ్లు చెరిపితే క్యాసెట్ పెట్టి నొక్కేస్తాం. తెల్లముక్క దగ్గర్నుంచే మొదలై టేపంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ క్యాసెట్లో మాత్రం మొదట్లో ఒక్క చుట్టు మిగిలిపోయింది. ఎవరో పెన్సిల్‌తో ముందుకి జరిపి మొదలుపెట్టారు. వాళ్ల వృత్తిలో ఆ చుట్టు మీద ఎప్పుడూ ఏమీ ఉండదు. చేతులకి అలవాటైన పని బుర్రని అడగదమ్మా."

"పిన్నీ?" అంది కూతురు నమ్మలేనట్టు. "నీ అక్క గొంతుని నువ్వే...? ఎందుకు?"

పిన్ని పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది.

"ఎందుకో ఆ మిగిలిన చుట్టులోనే ఉంది" అన్నారు టీచరుగారు. డాక్టరు తను తెచ్చిన పెద్ద స్పీకరు తగిలించాడు. గరగర వెనక నుంచి ఆ రెండు గొంతులూ గదిలోకి వచ్చాయి. *నేనే నొక్కా. కట్టు చెయ్యి తియ్యి, బంగారం.*

"చేతికి కట్టుతో, ఇంత స్పష్టంగా మాట్లాడుతున్న పిల్ల. మీ చెయ్యి ఎప్పుడు విరిగింది?"

కూతురు కుడిచెయ్యి దానంతటదే ఎడమ మోచేతి మీదికి వెళ్లింది. "మూడేళ్లప్పుడు" అంది. ఆ వెంటనే, "అప్పటికి అమ్మ లేదు" అంది. తలతిప్పి పెంచిన తల్లి వైపు చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"నువ్వా? అది నువ్వా? మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

పెద్దావిడ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఎలా చెప్పనే? 'మా అమ్మ పాడుతోంది' అనుకుంటూ నువ్వు కళ్లు మూసుకుని వింటుంటే, కాదు నేను అని మధ్యలో దూరమంటావా? నీకు నేను అన్నీ ఇచ్చాను, మీ అమ్మని ఇవ్వలేకపోయాను. పోన్లే, ఇలాగైనా దొరికింది అనుకున్నాను." చుట్టిన కొంగు విప్పింది. "అబద్ధం దేనికి, అసూయ పడ్డమాట నిజం. నా గొంతే కదా, దాని మీద నేనే పడ్డాను. ఆ పాట పాడే మనిషికి నువ్విచ్చిన ప్రేమ, పక్కన కూర్చున్న నాకెందుకు ఇవ్వడం లేదా అని. క్యాసెట్ పోయిన రోజున నాలో ఒక మూల సంతోషం కూడా కలిగింది. ఆ పాపానికే నేనే చెరిపానని ఒప్పుకున్నాను."

"నాకు పాడటం ఎందుకు మానేశావు?"

ఆవిడ పిన్ని వైపు చూసింది. ఆ చూపులో నేరం మోపడం ఏమీ లేదు. దాంతో పిన్నికి ఇంక తట్టుకోవడం వల్ల కాలేదు.

"నేనే మాన్పించాను! అది అక్క పాట. అక్క కట్టుకున్న పాట. బావ దగ్గర నేర్చుకుని ఈవిడ పాడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. నువ్వు ఈవిడ భుజం మీద హాయిగా నిద్రపోతున్నావు. నా కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. ఇంకెప్పుడూ ఆ పాట మీ నోట్లోంచి రాకూడదన్నాను. మారు మాట్లాడకుండా మానేసింది మనిషి. ఒక్కసారైనా నన్ను తిట్టినా బాగుండేది."

"అందుకని ఈ క్యాసెట్ దొరగ్గానే అక్క గొంతని చెప్పారు" అన్నారు టీచరుగారు. "డాక్టరుగారు శుభ్రం చేస్తే అది బయటపడుతుందని చెరిపారు. నింద ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు."

పిన్ని తల ఊపింది. అల్లుడు ఏదో అనబోతే భార్య చెయ్యెత్తి ఆపింది. ఆమె మొహంలో కోపమూ ఉంది, దుఃఖమూ ఉంది. "అయితే మా అమ్మ గొంతు? నిజంగా ఆమెది? ఎక్కడైనా ఉందా పిన్నీ?"

"లేదే. ఎక్కడా లేదు."

"నీకు గుర్తుంటుంది కదా. చెప్పు, ఎలా ఉండేది?"

పిన్ని రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "నాకూ గుర్తులేదు. కళ్లు మూసుకుంటే నాకు ఈవిడ గొంతే వినిపిస్తోంది. ఆ రోజు గుమ్మంలో విన్నప్పటి నుంచీ అక్క గొంతు మీద ఈవిడ గొంతు ఎక్కి కూర్చుంది. ఎవరితో చెప్పుకోను?"

ఆ ఏడుపు చూసి శిష్యురాలు ముఖం తిప్పుకుంది. అంతదాకా ఆమెని దొంగలా చూసిన అల్లుడు కూడా చూపు దించుకున్నాడు.

పెంచిన తల్లి లేచింది. వెళ్లి పిన్ని పక్కన కూర్చుంది. "మీ అక్క పాడితే నేను వినలేదు చెల్లాయ్. మీ బావగారు కూనిరాగం తీస్తే పట్టుకున్నాను. ఆయనకు స్వరం తక్కువ. ఎక్కడెక్కడ తప్పుగా పట్టుకున్నానో నువ్వే చెప్పాలి" అంది. గొంతు సవరించుకుని మెల్లగా పాట మొదలుపెట్టింది. వయసొచ్చిన గొంతు, పై స్వరం దగ్గర పగిలింది. అయినా ఆపలేదు.

కూతురు నేల మీద కూర్చుండిపోయింది. మొదటి చరణం అయి, రెండో దాంట్లోకి రాబోతుండగా పిన్ని మొహం మీంచి చేతులు తీసింది.

"అక్కడ కాదు" అంది ముక్కు ఎగబీలుస్తూ. "అక్కడ అక్క కిందికి దిగేది కాదు. ఆగి, ఇంకొంచెం పైకి వెళ్లేది."

పెద్దావిడ ఆగింది. మళ్లీ అందుకుంది. పిన్ని కళ్లు మూసుకుని, వేలితో గాలిలో ఆ మలుపు చూపిస్తూ, ఇంకోసారి, ఇంకోసారి అంటూ పాడించింది. నాలుగోసారో అయిదోసారో ఆ వేలు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఆ. అదీ. అలాగే పాడేది" అంది.